చెవులు మూసుకుని కొట్టిన ఊ

షాపులో ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్నకే నేను తడబడ్డాను. చెవి రంధ్రంలోకి దూరనివి, చెవిని మూసెయ్యనివి, అలాంటి ఇయర్‌బడ్స్ కావాలన్నాను. దేనికోసం అంది. సైకిల్ తొక్కేటప్పుడు పెట్టుకోవడానికా, పరుగెత్తడానికా, ఆఫీసు కాల్స్‌కా? జర్మనీలో ఏది కొనాలన్నా ముందు అది దేనికో తేల్చి చెప్పాలి. నేను గిన్నెలు కడుగుతున్నప్పుడు నా వెనక నిలబడి ఎవరైనా మాట్లాడితే వినపడటానికి అని చెప్పాల్సింది. ఆ మాత్రం జర్మన్ నాకు వచ్చు. నోరే రాలేదు. సైకిల్‌కే అన్నాను. నాకు సైకిల్ లేదు.

అప్పటికి మా అక్క చనిపోయి ఏడాది దాటింది. తన రొమ్ములో గడ్డ ఉందన్న సంగతి ఆమె మొట్టమొదట చెప్పింది నాకే. డార్మ్‌స్టాట్‌లో మా వంటింట్లో, నా వెనక నిలబడి చెప్పింది. నేను ఊ అన్నాను. నా చెవుల్లో ఇయర్‌బడ్స్ ఉన్నాయి. ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా నా చెవిన పడలేదు.

మా అమ్మ పోయేనాటికి నాకు ఐదేళ్ళు, అక్కకు పదిహేను. మాది నిజామాబాద్ వైపు. అక్క బడి మానేసి బీడీలు చుట్టేది. మధ్యాహ్నాలు ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుడుతూ నాకు కథలు చెప్పేది. కథ వినేవాడు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే కథ ఆగిపోతుంది. నేను ఆరేళ్ళకే గడుసువాణ్ణయ్యాను. మనసంతా బయట గోలీల మీద పెట్టి, నోటితో మాత్రం వేళకు ఊ కొట్టేవాణ్ణి. అక్క నాకంటే గడుసుది. కథ మధ్యలో, గొంతులో ఏ మార్పూ లేకుండా, రాజుకు ఆకలైంది, ఏనుగును మింగిండు అనేది. ఊ అన్నానో, నెత్తిన మొట్టికాయ పడేది. ఎప్పుడైనా నిజంగా వింటూ ఉండి, ఎట్ల మింగుతడక్కా అని అడిగితే పళ్ళ మధ్య బీడీదారం పట్టుకునే నవ్వేది. ఆ నవ్వు కోసమైనా వినాల్సింది. నేను ఎక్కువసార్లు మొట్టికాయలే తిన్నాను.

నాలుగేళ్ళ కింద నా భార్యకు నెలలు నిండుతున్నప్పుడు మా అత్తగారు మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకుని కదలలేని స్థితిలో ఉన్నారు. పురుడు పొయ్యడానికి ఇంకెవరొస్తారు అని మేం తల పట్టుకుంటే, నేనున్న గద అంది అక్క. మూడు నెలల వీసా మీద వచ్చింది. నడుముకు కట్టుకునే గుడ్డ, శొంఠి, వాము, పాపకు పాత నూలు చీరల్లోంచి చింపిన పొత్తిగుడ్డలు, అన్నీ మోసుకొచ్చింది. బట్టలు తక్కువ, ఇవే ఎక్కువ.

సరిగ్గా అప్పుడే నేను ఆ ఇయర్‌బడ్స్ కొన్నాను. చెవి రంధ్రానికి రబ్బరు బిరడాలాగా బిగుసుకునే రకం, చుట్టుపక్కల చప్పుళ్ళన్నిటినీ మింగేసే రకం. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. రెండు గదుల ఇంట్లో పసిపిల్ల ఏడుపు, నా మీటింగులు. కాల్స్ కోసమే కొన్నానని అందరికీ చెప్పాను, నాక్కూడా అదే చెప్పుకున్నాను. కానీ ఇప్పుడు దాచడమెందుకు? వేలితో ఒక్కసారి నొక్కితే పాప ఏడుపు ఎక్కడో నాలుగు ఇళ్ళ అవతలికి వెళ్ళిపోయేది. ప్రాణం హాయిగా ఉండేది. కాల్ అయిపోయినా తీసేవాణ్ణి కాదు. పాటా ఉండేది కాదు, మాటా ఉండేది కాదు. చెవుల్లో ఉత్త నిశ్శబ్దం పెట్టుకుని ఇంట్లో తిరిగేవాణ్ణి.

అక్కకు మాట్లాడటానికి మనిషి లేడు. నా భార్య రాత్రంతా పాపతో మేలుకుని పగలు పడుకునేది. కింది వాటాలో ఉండే పెద్దావిడ మెట్ల మీద కనబడి హలో అంటే, అక్క చేతులు జోడించి నమస్తే అనేది, ఇద్దరూ నవ్వుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. మిగిలింది నేను. మధ్యాహ్నం తిన్నాక గిన్నెలు కడిగే పని నాది. ఆ అరగంట అక్క నా వెనక కిటికీ దగ్గర నిలబడి, పొత్తిగుడ్డలు మడతలు పెడుతూ మాట్లాడేది. బావ సంగతులు, పక్కింటివాళ్ళ సంగతులు, పెరట్లో వంకాయ నారు సంగతి. ఆమె గొంతు నాకు గోడ అవతలి రేడియోలాగా తెలిసేది. గొంతు ఆగినచోట ఊ అనేవాణ్ణి. నా తెలివికి నేనే మెచ్చుకునేవాణ్ణి కూడా. మధ్యలో ఒక అట్లనా, ఒక అయ్యో కలిపేవాణ్ణి.

నా భార్య అయితే దగ్గరకొచ్చి చెవిలోంచి ఒకటి ఊడబెరికి, ఇప్పుడు విను అనేది. అక్క ఒక్కనాడూ అలా చెయ్యలేదు. అది ఏదో ఆఫీసు సామాను, ముట్టుకోకూడదు అనుకుంటోందని నేను అనుకున్నాను. పాపం అక్కకేం తెలుసు అని లోపల ఒక చులకన కూడా ఉండేది. తిరిగి వెళ్ళేరోజు ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో నా రెండు చెవులూ పట్టి చూసి, ఎర్రగయినయి, అవి పెట్టుకునుడు జర తగ్గియ్ అంది. నేను ఊ అన్నాను.

అక్క చెప్పినట్టే చెవులు దురద పెట్టి, వాచి, చీము పట్టే దాకా వచ్చింది. ఆరు వారాలకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికితే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. లోపల ఏదీ దూర్చొద్దు, గాలి ఆడనివ్వు, వాల్యూమ్ తగ్గించు అన్నాడు. వారం రోజులు విని, మళ్ళీ అవే పెట్టుకున్నాను.

అక్క వెళ్ళిన ఏడాదికి ఒక ఉదయం ఆఫీసుకు రైల్లో వెళ్తుంటే బావ ఫోన్ చేశాడు. పెట్టెలో ఇంత జనం, ఒక్క చప్పుడు లేదు. బావ గొంతు ఒక్కటే నా తలలో ఉంది. అక్కకు రొమ్ములో గడ్డ అని, ముదిరిపోయిందని, ఊపిరితిత్తుల దాకా పాకిందని డాక్టర్లు చెప్పారట. ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని తను కేకలేస్తే, జర్మనీలో తమ్మునికి చెప్పిన అందట.

"నువ్వు ఊ అన్నవట. ఊ అని ఎట్ల ఊకున్నవ్ బామ్మర్దీ? ఆడ డాక్టర్లు లేరా?"

ఏం చెప్పను? తెలిసి ఊరుకున్నానంటే రాయిలాంటివాణ్ణవుతాను. వినలేదంటే, ఏడు సముద్రాలు దాటి నా బిడ్డకు నీళ్ళు పోయడానికి వచ్చిన మనిషి మాట మూడు నెలలు వినలేదని ఒప్పుకోవాలి. అవును బావా, పొరపాటైంది అన్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అందరూ దిగిపోయాక కూడా కూర్చునే ఉన్నాను. ఏ రోజు అయ్యుంటుంది, ఏ గిన్నె కడుగుతున్నాను, ఏ ఊ అది అని తొంభై రోజులూ వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు. అన్ని ఊలూ ఒక్కలాగే ఉన్నాయి.

సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్ళాను. ఆసుపత్రి మంచం మీద అక్క సగమైపోయి ఉంది. జుట్టు లేదు. పాప ఎట్లున్నది, నడుస్తున్నదా అని అడిగింది. రెండు రోజులు ఆ మాటా ఈ మాటా మాట్లాడాను. మూడో రోజు మధ్యాహ్నం బావ మందులకని కిందికి వెళ్ళాడు. ఇక దాచలేకపోయాను.

"అక్కా, నువ్వు ఆ రోజు చెప్పింది నాకు వినపడలే. చెవులల్ల అవి పెట్టుకొని ఉన్న. ఉత్తగనే ఊ అన్న."

అక్క నన్నే చూసింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే బాగుండుననుకున్నాను.

"నాకెరుకనేరా," అంది. "ముందుగాల రాజు ఏనుగును మింగిండని చెప్పిన. నువ్వు ఊ అన్నవ్. గప్పుడు చెప్పిన."

ఆ తర్వాత ఆమె మెల్లగా, ఆయాసపడుతూ చెప్పింది. పచ్చి బాలింత, పసిగుడ్డు ఉన్న ఇంట్లో రోగం మాట ఎత్తకూడదనుకుందట. ఎత్తితే నేను ఆగం ఆగం అయిపోతాననీ, డాక్టర్ల చుట్టూ తిప్పుతాననీ, పురుడు పొయ్యడానికి వచ్చి తనే పురిటి మంచం ఎక్కినట్టవుతుందనీ. కానీ ఎవరికీ చెప్పకపోతే గుండె పగిలిపోయేటట్టుందట. అందుకని నా వెనక నిలబడి, నాకు వినపడదని రుజువు చూసుకుని, చెప్పుకుందట. చెప్పినట్టూ అయింది, నీకు ఫికరు లేకుంటనూ అయింది అని నవ్వబోయింది. దగ్గు వచ్చింది.

నీళ్ళు తాగించి అడిగాను. ఎట్ల మింగుతడక్కా అని నేను వెనక్కి తిరిగి అడిగి ఉంటే?

అక్క కిటికీ వైపు తల తిప్పుకుంది.

"అడుగలే గదరా," అంది.

సెలవు అయిపోయి నేను తిరిగొచ్చిన రెండో వారంలో అక్క పోయింది. ఆ బిరడాల డబ్బా సొరుగులో ఉంది. పారేయడానికి చెయ్యి రాలేదు, పెట్టుకోవడానికి అంతకంటే రాలేదు. ఏడాది పాటు కాల్స్ అన్నీ ల్యాప్‌టాప్ స్పీకర్‌లోనే మాట్లాడాను. మా ఆఫీసు గొడవలన్నీ ఇంటిల్లిపాదికీ వినపడేవి. పాప కీటా నుంచి, అదే పిల్లల బడి నుంచి, వచ్చి నా మేనేజర్ గొంతు అనుకరించడం మొదలుపెట్టాక, ఇక లాభం లేదు, చెవి మూయని రకం ఏదైనా చూసుకో అంది నా భార్య.

అలా ఆ షాపుకు వెళ్ళాను. ఆ అమ్మాయి మూడు రకాలు బల్ల మీద పెట్టింది. ఒకటి చెవి వెనక కొక్కెంలాగా తగిలించుకునేది. కళ్ళజోడు కాడ కింద ఇరుక్కుని పది నిమిషాలకే నొప్పి పుట్టించింది. రెండోది కణత ఎముకకు ఆనించేది, పాట వస్తే దవడ దాకా జిలజిలమంది. మూడోది చెవి అంచుకు పెట్టుకునే క్లిప్పు. ఆడవాళ్ళు చెవి అంచుకు పెట్టుకునే నగలాగా ఉంది. పెట్టుకున్నట్టే తెలియలేదు. రైల్లో దీంతో సరిగ్గా వినపడదు, వినపడటం లేదని వాల్యూమ్ పెంచారంటే చెవులకు చేటు, పక్కవాళ్ళకు కూడా వినిపిస్తుంది అని ఆ అమ్మాయే ముందుగా చెప్పింది. నిజమే. పాట కూడా పలచగా ఉంది, తబలా సగం ఎగిరిపోయింది.

నాకు కావలసిన పరీక్ష వేరే ఉంది. సిగ్గు విడిచి అడిగాను. పాట ఇలాగే ఉండనిచ్చి, మీరు నా వెనక నిలబడి మెల్లగా ఏదైనా ఒక మాట చెబుతారా అన్నాను. వింతగా చూసింది గానీ వచ్చి నిలబడింది. ఇంకో గంటలో నా డ్యూటీ అయిపోతుంది, పొద్దుట్నుంచీ కాళ్ళు లాగుతున్నాయి అంది. నేను వెనక్కి తిరిగి ఆ మాటలే అప్పజెప్పాను. ఆ అమ్మాయి నవ్వింది. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఏం తోచక, ఇవే ఇవ్వండి అన్నాను.

ఇప్పుడు కాల్ ఉన్నా, పాటలు పెట్టుకున్నా అవే. ఆఫీసుకు నడిచేటప్పుడు సైకిళ్ళకని ఎర్ర రంగు వేసిన దారి మీద గంట వినపడుతుంది, పక్కకు తప్పుకుంటాను. రైల్లో మాత్రం తీసి జేబులో పెట్టుకుంటాను. మధ్యాహ్నం గిన్నెలు ఇప్పటికీ నా పనే. శనాదివారాలు నేను సింకు దగ్గరుంటే పాప వెనక కిటికీ దగ్గర కుర్చీ ఎక్కి కీటా కబుర్లు చెబుతుంది, సగం జర్మన్, సగం తెలుగు. మొన్న పాట సన్నగా వస్తోంది, నేను ఊ కొడుతున్నాను. ఎవరో బూట్లు దాచారట, ఊ. వాన పడిందట, ఊ. అప్పుడు మా టీచర్ కిటికీలోంచి ఎగిరి చెట్టు మీద కూర్చుంది అంది.

నేను వెనక్కి తిరిగి, ఎలా ఎగిరింది అని అడిగాను.

పాప నోరు తెరుచుకుని చూసింది. నాన్నా, నువ్వు నిజంగా వింటున్నావా అని జర్మన్‌లో అడిగి, కుర్చీ మీదే గెంతుతూ నవ్వింది. వెనక్కి తిరగడానికి ఎంతసేపు పట్టిందని? నా చేతిలో గిన్నె నుంచి నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.