మార్తమ్మ అడిగిన ఒక్క వాక్యం

అది 1941వ సంవత్సరం. నేను బందరు నుంచి చేవెళ్ల వచ్చి అప్పటికి మూడేళ్లు కావస్తోంది. అక్కడి మిషను బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. జీతం తీసుకోని సేవ మీద వచ్చినదాన్ని కాబట్టి ఒక గది, రెండుపూటలా భోజనం, ఆదివారం గుడిలో ముందు వరుసలో చోటు, ఇవే నా రాబడి. మావాళ్లు నన్ను పరదేశానికి పంపినట్టే సాగనంపారు. అందులో తప్పేమీ లేదు. నిజాం రాజ్యంలో నాణెం వేరు, తపాలా బిళ్ల వేరు, కచేరీలో మాట ఉర్దూ. తెలుగైనా నాకు మొదటి నెలల్లో సగమే అర్థమయ్యేది. ఒకావిడ కొంచెం ఆగమని "జర ఆగుండ్రి" అంటే ఆమెకు జ్వరం అనుకుని నుదురు తాకబోయాను.

ఇంగ్లీషు నేర్పే పనిలో మాత్రం నాకు బెరుకు లేదు. ట్రైనింగులో డైరెక్ట్ మెథడ్ నేర్చుకున్నాను. అంటే తెలుగులోకి తిప్పి చెప్పకుండా, వస్తువు చూపించి, పని చేసి చూపించి, ఇంగ్లీషును ఇంగ్లీషుతోనే నేర్పడం. దానికి తోడు డ్రిల్ ఉండేది. ఒకే వాక్యాన్ని పట్టుకుని, అందులో ఒక్క మాట మారుస్తూ నోటికి అలవాటయ్యేదాకా పలికించడం. ఈ రెండూ చేతిలో ఉంటే ఎవరికైనా నేర్పగలనని నా ధీమా. ఆ ధీమా ఉత్తిది కాదు. బడిలో నా పిల్లలు బాగానే మాట్లాడేవాళ్లు.

వారంలో కొన్ని సాయంత్రాలు బస్సెక్కి మొయినాబాదు వెళ్లి, అక్కడి చర్చి వరండాలో పెద్దవాళ్లకు పాఠం చెప్పేదాన్ని. ఆ రాత్రికి సంఘపెద్ద దేవదానంగారి ఇంట్లో బస. గండిపేట చెరువు వైపు ఆయనకు కొంచెం కూరగాయల పొలం ఉండేది. ఆ ఇంట్లోనే మార్తమ్మను మొదటిసారి చూశాను.

మార్తమ్మ ఆయన చెల్లెలు. ముప్పై ఏళ్లు ఉండవచ్చు. భర్త క్షయతో పోయాడు. ఆయన పోయిన కొద్దికాలానికే ఈమెకూ అదే జబ్బు పట్టుకుంది. అప్పటికి చంకలో ఏడాది పిల్ల. మా మిషను దవాఖానలో నర్సుగా ఉన్న మిస్ ఎడిత్ అనే దొరసాని తల్లిని మద్రాసు వైపు ఒక క్షయ ఆసుపత్రికి పంపించి, బిడ్డకు జబ్బు అంటకుండా నీలగిరి కొండల మీద ఒక శిశుగృహంలో చేర్చింది. ఆ రోజుల్లో ఆ జబ్బుతో వెళ్లినవాళ్లు తిరిగి రావడం అరుదు. మార్తమ్మ ఐదేళ్లకు తిరిగి వచ్చింది. ఊపిరితిత్తులు మానాయని, ఇక ఎవరికీ అంటదని డాక్టర్లు చెప్పి పంపారు.

ఈలోపల ఎడిత్ దొరసాని ఏటా ఎండాకాలం కొండల మీదికి వెళ్లి బిడ్డతో గడిపి వచ్చేది. పిల్లకు తల్లి పెట్టిన పేరు కృప. దొరసాని దాన్నే తన భాషలో గ్రేస్ అని పిలిచేది. మార్తమ్మ బతుకుతుందన్న ఆశ ఎవరికీ లేని రోజుల్లో దేవదానంగారు దొరసానికి మాట ఇచ్చారు, పిల్లను పెంచుకోమని. ఇప్పుడు దొరసానికి ఫర్లో వచ్చింది. ఏళ్ల తరబడి పనిచేసిన మిషనరీలకు స్వదేశం వెళ్లిరావడానికి ఇచ్చే పెద్ద సెలవు అది. యుద్ధం రోజులు కావడంతో ఓడల రాకపోకలు నమ్మకంగా లేవు. దసరా దాటాక బొంబాయి నుంచి బయలుదేరే ఒక ఓడలో చోటు దొరికింది. పిల్లను కూడా తీసుకుని వెళ్లాలని ఆమె నిశ్చయం. అందుకే కొండల మీదినుంచి చేవెళ్ల బంగళాకు తీసుకొచ్చింది.

తల్లీబిడ్డలు కలుసుకున్న రోజు నేను అక్కడే ఉన్నాను. గౌనూ బూట్లూ వేసుకున్న ఆరేళ్ల పిల్ల దొరసాని కుర్చీ వెనక నిలబడి ఉంది. మార్తమ్మ వరండా మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"కృపా, దా బిడ్డ," అంది.

పిల్ల దొరసాని వైపు చూసి, "వాట్ డస్ షి సే?" అని అడిగింది.

శిశుగృహంలో పది భాషల పిల్లలు ఉండటంతో అందరికీ ఇంగ్లీషే మాట. ఈ పిల్లకు తెలుగు ఒక్క ముక్క రాదు. మార్తమ్మ నా వైపు తిరిగింది. "ఏమంటున్నది టీచరమ్మా?" నువ్వేమన్నావో అడుగుతోందని చెప్పాను. ఆమె అన్నతోపాటు బస్సు దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పిల్ల నా గదికి వచ్చింది. నాకు ఇంగ్లీషు వచ్చని కనిపెట్టింది కదా. మంచం అంచున కూర్చుని కాళ్లు ఊపుతూ, మా అమ్మ నన్నెందుకు వదిలేసిందని అడిగింది. శిశుగృహంలో పెద్దపిల్లలెవరో అలా చెప్పారట. నేను జవాబు చెప్పగలిగేదాన్నే. కానీ అది నేను చెప్పవలసిన మాట కాదనిపించింది. "అది ఆమెనే అడుగు," అన్నాను.

తర్వాతి పాఠానికి మొయినాబాదు వెళ్లినప్పుడు, పిల్ల అడిగిన మాట మార్తమ్మకు దాచకుండా చెప్పాను. పొయ్యి దగ్గర జొన్నరొట్టె కొడుతూ వింది. చేతులు ఆగిపోయాయి.

"నాకు ఇంగిలీసు నేర్పుతరా టీచరమ్మా?"

"ఎంత నేర్పమంటారు?"

"నేను నిన్ను ఇడిసిపెట్టి పోలేదు అని చెప్పాలె. గంతే."

"ఆ మాట నేను చెప్తాను కదా మార్తమ్మా. మీ పక్కనే నిలబడి చెప్తాను."

"మీరు చెప్తే మీ మాటయితది. నా నోట్లకెల్లి ఇనాలె నా బిడ్డ."

దేవదానంగారు గుమ్మంలో కూర్చుని వింటున్నారు. ఆయన చెడ్డవారు కాదు. చెల్లెలు దవాఖానలో ఉన్నంతకాలం ఆమె కోసం రోజూ ప్రార్థన చేసిన మనిషి. "చెల్లె, నేను మాటిచ్చిన. పిల్ల ఆడ సుఖంగ బతుకుతది. ఈడ నీ ఒంట్ల సత్తువెంత? మల్ల మంచం పడితే ఎట్ల?" అన్నారు.

"పోతే పోనీ అన్న. కాని మా అమ్మ పారేసిందని అనుకుంట పోవద్దు."



మర్నాడే మొదలుపెట్టాం. ట్రైనింగులో నేర్పిన క్రమం ప్రకారం అయితే ఇది కలం, అది బల్ల అని మొదలుపెట్టి, జరిగిపోయిన కాలం దగ్గరికి రావడానికి ఏడాది పడుతుంది. ఆ క్రమం పక్కన పెట్టేశాను. ఆమెకు చదువు రాదు, పలకతో పనిలేదు. అంతా నోటితోనే. ఆమెకు కావలసిన వాక్యం "ఐ డిడ్ నాట్ లీవ్ యూ." చూడటానికి చిన్నదే గాని, తెలుగు నోటికి ఇది కొరుకుడు పడదు. మనకు 'పోలేదు' అనే ఒక్క మాటలో అంతా ఇమిడిపోతుంది. ఇంగ్లీషులో జరిగిపోయిన పని కాలేదని చెప్పాలంటే 'డిడ్' అనే మాట ముందుకు రావాలి. అది వచ్చాక అసలు క్రియ మారకూడదు. మార్తమ్మ "ఐ నాట్ లెఫ్ట్" అనేది, "ఐ డిడ్ నాట్ లెఫ్ట్" అనేది. ఎందుకు తప్పో నేను ఎన్ని రకాలుగా చెప్పినా తలకెక్కలేదు. చివరికి పద్ధతి సంగతి పక్కన పెట్టి తెలుగులోనే చెప్పాను, అయిపోయిన కాలపు బరువంతా 'డిడ్' మోస్తుంది, వెనక మాటకు ఏ బరువూ ఉండదని.

ఆమెకు ఎద్దులు గుర్తొచ్చాయి. "అంటే కాడి దాని మెడ మీద పెట్టినం. ఎనకది ఖాలీగ నడుస్తది."

"అంతే."

"గట్ల ముందుగాల్నే చెప్పొద్దా మరి," అని నవ్వింది. ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఆపైన డ్రిల్ పెట్టాను. కాడి మెడకెక్కింది కదా, వెనక మాటలు మార్చడమే. నేను నడిచి చూపించి ఆగిపోతే "ఐ డిడ్ నాట్ వాక్" అనాలి. తినబోయి ఆపేస్తే "ఐ డిడ్ నాట్ ఈట్." కళ్లు మూసి తెరిస్తే "ఐ డిడ్ నాట్ స్లీప్." దేవదానంగారి భార్య మా ఆటలు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మార్తమ్మ పొలంలో కలుపు తీస్తూ కూడా ఇవే అనుకునేదట. "ఐ వాజ్ సిక్," అంటే జబ్బుపడ్డాను అన్నది కూడా నేర్పాను. ఎదుటివాళ్లు అడిగితే అర్థం కావడానికి 'వై' అంటే ఎందుకు, 'కమ్' అంటే రావడం, 'నౌ' అంటే ఇప్పుడు అని చెప్పాను.

వానలు తెరిపిచ్చాయి. దొరసాని పెట్టెలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఒక శనివారం మార్తమ్మ తనంతట తానే, "ఇగ పోదాం టీచరమ్మా, వచ్చింది," అంది. ఉతికిన తెల్లచీర కట్టుకుని బస్సులో నా పక్కన కూర్చుంది. దేవదానంగారు కూడా వచ్చారు. దారిపొడవునా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి.

బంగళా వరండాలో దొరసాని మమ్మల్ని కూర్చోమంది. పిల్ల బొమ్మల పుస్తకం ఒళ్లో పెట్టుకుని చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. మార్తమ్మ కుర్చీలో కూర్చోలేదు. పిల్లకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"కృపా. ఐ వాజ్ సిక్. ఐ డిడ్ నాట్ లీవ్ యూ."

నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా, తప్పు లేకుండా అంది. దొరసాని చేతిలోని టీ కప్పు మధ్యలో ఆగింది. పిల్ల పుస్తకం మూసేసి తల్లి మొహంలోకి చూసింది. అంతటితో పాఠం అయిపోయిందని నేననుకున్నాను. కానీ పిల్ల ఊరుకోలేదు.

"దెన్ వై డిడ్ యూ నాట్ కమ్?"

మరి ఎందుకు రాలేదు అని. ఆ ప్రశ్నకు జవాబు నేను నేర్పలేదు. సహాయం చేద్దామని నోరు తెరిచాను. మార్తమ్మ నా వైపు చూడకుండానే చెయ్యెత్తి నన్ను ఆపింది.

"ఐ డిడ్ నాట్ వాక్," అంది. రెండు చేతులూ చాచి మంచం మీద పడి ఉన్నట్టు చూపించింది. "ఐ డిడ్ నాట్ ఈట్." గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఐ డిడ్ నాట్ స్లీప్." ఇక ఆమెకు వచ్చిన మాటలు అయిపోయాయి. మళ్లీ మొదటిదే అంది. "ఐ డిడ్ నాట్ లీవ్ యూ, బిడ్డ."

అవి నేను వరండాలో ఆటలాగా పలికించిన వాక్యాలు. నా నోట్లో అవి వట్టి వ్యాకరణం. ఆమె నోట్లో ఐదేళ్ల బతుకు.

పిల్ల పీట మీదినుంచి దిగి దగ్గరికొచ్చింది. "ఆర్ యూ సిక్ నౌ?"

"నౌ?" మార్తమ్మ తల అడ్డంగా ఊపింది. "నో. నౌ ఈట్. నౌ స్లీప్. నౌ వాక్."

పిల్ల ఆమె పక్కనే నేల మీద కూర్చుని, పుస్తకం తెరిచి, బొమ్మలో ఉన్న కుక్కను వేలితో చూపించి దాని పేరు చెప్పింది. తల్లి ఆ మాట పలికింది. సరిగ్గా రాలేదు. పిల్ల మళ్లీ చెప్పింది, కొంచెం గట్టిగా, అచ్చం నాలాగే.

దొరసాని లేచి లోపలికి వెళ్లింది. చాలాసేపటికి మొహం కడుక్కుని వచ్చింది. ఆమె ఆ పిల్లను ఎంత ప్రేమించిందో చేవెళ్లలో అందరికీ తెలుసు. దేవదానంగారి ఎదురుగా నిలబడి, తాను నేర్చుకున్న తెలుగులో, "మీరు నాకు మాట ఇచ్చారు. నేను ఆ మాట మీకు తిరిగి ఇచ్చేస్తున్నాను," అంది. పెద్దాయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నారు.

మార్తమ్మ ఆమె చేతులు రెండూ పట్టుకుంది. "దొరసానమ్మా, బిడ్డను మీరే బతికిచ్చిండ్రు. మీరు మల్ల వచ్చేదాక దాని ఇంగిలీసు పోనియ్య. టీచరమ్మ ఉన్నది కద."

దొరసాని ఒక్కతే బొంబాయి వెళ్లింది. మార్తమ్మకు మా బడి హాస్టల్లో బట్టలు కుట్టే పని, ఉండటానికి ఒక గది ఇచ్చారు. ఆ వెంటనే అంతా చక్కబడిందని చెబితే అబద్ధమవుతుంది. పిల్ల చాలా రోజులు దొరసాని కోసం ఏడ్చింది. జొన్నరొట్టె ముట్టేది కాదు, బూట్లు విప్పేది కాదు. కోపం వస్తే ఇంగ్లీషులో తిట్టేది. తల్లి అర్థంకాక నా దగ్గరికి పంపేది. అదే డ్రిల్ తిప్పి, నేను తినలేదు, నేను పోలేదు అని పిల్లకు తెలుగు నేర్పాను. సంక్షేపంగా చెప్పాలంటే, మరుసటి వేసవికల్లా ఆ పిల్ల చేవెళ్ల తెలుగులో తల్లితో జగడమాడుతోంది. పోలీసు చర్య జరిగిన ఏడు నేను బందరు తిరిగి వచ్చేనాటికి కృప పై తరగతుల్లో ఉంది. యుద్ధం అయ్యాక దొరసాని తిరిగి వచ్చి మళ్లీ దవాఖాన చూసుకుంటోంది. సెలవురోజుల్లో కృప అక్కడ, దొరసాని తెలుగుకు అందని ఊళ్లవాళ్ల బాధలు ఆమెకు ఇంగ్లీషులో చెప్పేది.

ఈ సంఘటన నా పాఠం చెప్పే తీరును మార్చింది. పుస్తకంలోని క్రమం పిల్లలకు మంచిదే. ఇప్పటికీ అదే వాడతాను. కానీ పెద్దవాళ్లు భాష కోసం రారు, ఎవరికో ఏదో చెప్పాలని వస్తారు. ఆ చెప్పవలసిన మాటలోనే వాళ్లకు కావలసిన వ్యాకరణమంతా ఉంటుంది. దాన్ని పట్టుకుంటే మిగతాది దాని వెనకే వస్తుంది. అప్పటినుంచి పెద్దవాళ్లెవరు పాఠానికి వచ్చినా ముందు కూర్చోబెట్టి, ఎవరితో మాట్లాడాలి, ఏం చెప్పాలి అని అడుగుతాను. కొందరు వెంటనే చెప్తారు. కొందరికి సిగ్గు, రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. చెప్పేదాకా ఆగుతాను. పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.