తవిటికి అమ్మిన బిడ్డ, గోడ మీది బొమ్మ

ఈ అరబ్బు దేశంలో, ఖైతాన్‌లోని మా హాలు గోడకు ఏసు జననం బొమ్మ ఒకటి ఉంది. ఐదారు వందల ఏళ్ల కిందటి ఇటలీ చిత్రానికి అచ్చు ప్రతి. రిటైరయ్యాక శుక్రవారం సంతలో కొన్నాను. నా డైరీల్లో దాని గురించి పేజీలకు పేజీలున్నాయి. కూలిన గోడల మధ్య, ఉత్త నేల మీద, తెల్లగుడ్డపై పసివాడు. చుట్టూ తల్లి, దేవదూతలు, గొర్రెల కాపరులు మోకరిల్లి ఉంటారు. వంగిన వీపులు, జోడించిన చేతులు, ఎద్దు మూతి, ఏ గీత వెంట పోయినా చూపు ఆ బిడ్డ దగ్గరికే చేరుతుంది. ఆ గుడ్డ రాబోయే శవవస్త్రానికి గుర్తని చదివాను. మా అమ్మాయికి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. ఆమె తొలి బిడ్డ మూడో రోజునే పోయాడు.

రెండోవాణ్ణి ఆసుపత్రి నుంచి తెచ్చిన మధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. అల్లుడు మంగఫ్‌లో డ్యూటీలో ఉన్నాడు. కిటికీలు పసుపుపచ్చబడి, గదిలో ఆ బొమ్మలోని వెలుతురే పరుచుకుంది.

మా కడప వైపు ఒక ఆచారం ఉంది. బిడ్డలు దక్కని తల్లి పుట్టినవాణ్ణి నేల మీద వదిలి వెనక్కి తిరగాలి. కొనేదాకా ఇంట్లో ఎవరూ చూడకూడదు. పొరుగామె తవుడు పోసి కొనుక్కుంటుంది. ఆ పైన తల్లి పెంచేది పరాయి బిడ్డను. మృత్యువు అలా మోసపోతుందట.

కొంటానని ఒప్పుకున్నది కింది అంతస్తు రాయచోటి ఆమె, ఒక అరబ్బు ఇంట్లో వంటమనిషి. "జమియా కొట్టు నుంచి వస్తాండా, పెట్టేయండన్నా" అని ఫోన్ చేసింది. అమ్మాయి గుమ్మం లోపల పంచె ముక్క పరిచి బిడ్డను పడుకోబెట్టి, గోడ వైపు తిరిగింది. నేను బొమ్మ వైపు తిరిగాను.

ఎంతసేపటికీ రాయచోటి ఆమె రాలేదు. బిడ్డ ఏడవలేదు.

"నాయనా, వాడు కదుల్తాండాడా?"

"చూడగూడదు కదమ్మా."

"మీరు చూస్తే ఏమైతాది? తల్లిని నేను కదా."

బొమ్మకున్న అద్దంలో నా వెనక నేల కనిపిస్తోంది. మా తెల్లగుడ్డ సరిగ్గా ఆ మోకరిల్లినవాళ్ల మధ్యకు వచ్చి పడింది. అందరూ మావాణ్ణే చూస్తున్నారు. ఎద్దు తన ఊపిరితో బిడ్డను వెచ్చగా ఉంచుతుందని ఆ చిత్రకారుల భావన. దాని మూతి కింద గుడ్డ కదలడం లేదు.

"నాయనా, పలకండి!"

అమ్మాయి గిరుక్కున తిరిగింది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

"తాకొద్దుమ్మే! నా సరుకు అది." రాయచోటి ఆమె ఒళ్లంతా దుమ్ము. "ఈ ఊర్లో తవుడు యాడ దొరుకుతాది? తిరిగి తిరిగి గోధుమ తవుడు తెచ్చినా. ఖలాస్, ఈడు నావాడు."

ఆమె ఎత్తుకోగానే వాడు కెవ్వుమన్నాడు.

"నువ్వు కొనక ముందే చూసేసినానక్కా" అంది అమ్మాయి.

ఆమె తవుడంతా అమ్మాయి ఒడిలో పోసేసింది.

వాడు దక్కాడు. ఇప్పుడు హాలంతా పరుగులు పెడుతున్నాడు. మా అమ్మాయి మాత్రం వాణ్ణి ఇంతవరకూ నా కొడుకని అనలేదు. మెట్ల మీద రాయచోటి ఆమె ఎదురైతే, "మీవాడు అన్నం తినడం లేదక్కా" అంటుంది. నవ్వుతూ అనదు.