పెంచలమ్మ ఇచ్చిన లిస్టు

పెంచలమ్మను ఎవరైనా మహాతల్లి అంటే ఆమెకు ఒళ్లు మండేది. "తల్లీ లేదు, నా బొందా లేదు. కుక్కలకేసేది మనుషులకేస్తాండా. దీంట్లో గొప్పేంది?" అని కసురుకునేది. అది వినయం కాదు. దానం మీద ఆమెకు నిజంగానే గౌరవం లేదు. ఆమెకున్నదల్లా పారేయడం మీద కోపం.

ఆ కోపం పుట్టింటిది. పులివెందుల దగ్గర గొర్రెలు కాసే ఇంట్లో పుట్టింది. ఆ ఇంట్లో గొర్రె చచ్చినా ఊరికే పోయేది కాదు. తోలు ఒకరికి, కొవ్వు ఒకరికి, ఎముకలు చేనికి. మెట్టినిల్లు జమ్మలమడుగు పక్క. వాళ్లదీ మందే. మైలవరం డ్యాం నీళ్లు మేత బీళ్ల మీదికి వచ్చాక మందను అమ్మేసి, ఆమె మొగుడు ఎర్రన్న చేపలు పట్టే గుండ్రటి తెప్ప, పుట్టి తోలడం నేర్చుకున్నాడు. గొర్రెలు మేపిన చోటనే వల వేసేవాడు. "ఇదో, ఈ కింద మా నాయన మంద పెట్టిన మిట్ట ఉండాది" అని నీళ్లలోకి వేలు పెట్టి చూపించేవాడు. ఎర్రన్న రొమ్ము జబ్బుతో పోయాక పుట్టి పెంచలమ్మ చేతికి వచ్చింది. ఆడది పుట్టి తోలేదేందని నలుగురు నవ్వినారు. ఆమె వల నిండా పట్టుకొచ్చిన రోజున నవ్వడం మానేసినారు.

ఇది తొంభైల నాటి సంగతి. డ్యాంలో చేపల మీద హక్కు వేలంలో పాడుకున్నవాడిది. అతని పాస్ ఉన్నవాళ్లే నీళ్లలో పుట్టి దించాలి. ఆ రోజుల్లో ఏదో ఒక పార్టీ మనిషి కానివాడు వేలానికి వచ్చేవాడే కాదు, వచ్చినా నోరు తెరిచేవాడు కాదు. పాడుకున్న కాంట్రాక్టరు ఒక పార్టీ నాయకుడే. ఆయనకు జీపులుండేవి, జీపుల్లో మనుషులుండేవాళ్లు, ఆ మనుషుల సీట్ల కింద ఏముండేదో అడిగే అలవాటు ఎవరికీ లేదు. ఒడ్డున కాటా దగ్గర ఆయన గుమాస్తా రంగయ్య కూర్చునేవాడు. కాంట్రాక్టరు పిల్లలు వదిలింది బొచ్చె, శీలావతి. కిలో దాటినవే తూకానికి. వాటితోపాటు వలలో చిక్కిన జెల్లలు, జిలేబీలు, పక్కెలు, ఇంకా ఎదగని బొచ్చె పిల్లలు ఒడ్డున పారబోయాల్సిందే. అమ్మకూడదు, ఇంటికి తీసుకుపోకూడదు. చిన్న చేప కింద పెద్ద చేప దాచిపెట్టుకుని పోతారని కాంట్రాక్టరు అనుమానం. ఆ కుప్ప మీద గద్దలు, కుక్కలు, ఈగలు. రోజూ గంపలకు గంపలు.

"రంగయ్య మామా, కుక్కలకు పాస్ ఇచ్చినారా మీరు?" అనింది ఒకరోజు పెంచలమ్మ.

"ఏంది నీ ఎటకారం?"

"అవి తింటాండాయి గదా. నేను ఎత్తుకపోతా. అమ్మను, వండుకోను. గంప నీ ముందరే నింపుతా, పెద్ద చేప ఒక్కటి కనపడితే నా చెయ్యి నరుకు."

రంగయ్యకు కంపు వదిలితే చాలు. తల ఊపినాడు.

ఆ గంప యాడికి పోవాలో ఆమె అంతకు ముందే చూసి పెట్టుకుంది. వల దారానికి ప్రొద్దుటూరు పోయినప్పుడు కోర్టు సందులో ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఉండడం చూసింది. సోమవారం, గురువారం వాయిదాలు. కొడుకులు, మొగుళ్లు బోనులో ఉన్నవాళ్లు కొందరు, వాళ్లు చంపినవాళ్ల పెండ్లాలు కొందరు. తెల్లవారక ముందే పల్లెల్లో బస్సెక్కి వచ్చి పొద్దుగూకేదాకా కడుపు మాడ్చుకునేవాళ్లు. సందు మొదట్లో హోటలు ఒక పార్టీది, చివర్లో హోటలు ఇంకో పార్టీది. వాయిదాకు వచ్చినవాళ్లకు ఎవరి నాయకుడు వాళ్లకు భోజనం చీటీ ఇచ్చేవాడు. మొదటి ఏడాది చీటీ వచ్చేది. రెండో ఏడాది రేపు రమ్మనేవాళ్లు. మూడో ఏడాది నాయకుడు ఇంట్లో లేడనేవాళ్లు. చీటీ లేనివాళ్లు దుడ్లిచ్చి తిందామన్నా అవతలి హోటల్లోకి పోకూడదు. ఎవరి తిండి తింటే వాళ్ల మనిషని లెక్క. ఆ లెక్క మీద తలలు తెగిన ఊళ్లున్నాయి.

ఆ సందులోనే మాబున్ని ఇల్లు. ఆమె మొగుడు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ క్లీనరు. ఎవరి మీదికో వేసిన బాంబు లారీ మీద పడి పోయినాడు. ఏ పార్టీ మనిషీ కాదు కాబట్టి ఏ పార్టీ వాళ్లూ పలకరించలేదు. మాబున్ని ఇద్దరు ముగ్గురు బట్టల షావుకార్లను పీడించి రాగిపిండి, నూకలు తెచ్చి, వాయిదా రోజున పెరట్లో సంగటి కెలికి, తలుపు తీసి, వచ్చినవాళ్లకల్లా పెట్టేది. సంగటిలోకి ఉప్పు, మిరపకాయ. కూర లేదు.

పెంచలమ్మ మొదటి గంప దించిన రోజు జరిగింది చెప్పుకోవాలి. మాబున్ని చింతపండు పిసికి పులుసు పెట్టింది. పెంచలమ్మ వడ్డిస్తా, పల్లెటూరి మర్యాద కొద్దీ, మొదటి ఆమెను అడిగింది: "ఏ ఊరమ్మా మీది?"

ఆమె చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. పక్కనామె లేచింది. ఆ పక్కనామె కొంగు దులుపుకుంది. ఐదు నిమిషాల్లో పెరడు ఖాళీ. ఊరు అడగడమంటే పార్టీ అడగడమని, ఆ సందులో అది పోలీసులు, జీపులవాళ్లు అడిగే ప్రశ్న అని, పెంచలమ్మకు తట్టనే లేదు.

"కట్టెతో కొట్టి ఎద్దును తరిమినట్ల తరిమితివి గదనే!" అని మాబున్ని గరిటె విసిరికొట్టింది. "ఈడ పేరడుగు, బిడ్డలెంతమందో అడుగు, మోకాళ్ల నొప్పులు అడుగు. ఊరు మాత్రం అడగొద్దు."

ఆ రోజు నుంచి ఆ పెరట్లో అదొక్కటే కట్టుబాటు. రెండేళ్లు నడిచింది. సోమవారం, గురువారం గంప జమ్మలమడుగు మీదుగా బస్సులో వచ్చేది. కండక్టరు వలి బాషా ప్రతిసారీ ముక్కు మూసుకుని లగేజీ టికెట్టు కొట్టేవాడు.

"పెంచలక్కా, ఈ కంపుకు నా పెండ్లాం నన్ను ఇంట్లోకి రానీడంల్యా."

"మంచిదేగా అబ్బీ. దినామూ పొద్దున్నే డ్యూటీకొస్తాండావు."

పెరట్లో ఎవరి పక్కన ఎవరు కూర్చునేవాళ్లో ఎవరికీ తెలియదు. నిజానికి అందరికీ తెలుసు. బోనులో చూసిన మొహాలే కదా. తెలియనట్టు తినేవాళ్లు. జెల్ల ముల్లు గొంతులో గుచ్చుకుంటే పక్కనామె వీపు చరిచేది. అంతకు మించి అక్కడ ఏ పుణ్యమూ జరగలేదు.

అంతలో ఎలక్షన్లు వచ్చినాయి.

ఒక శుక్రవారం పొద్దున రంగయ్య కాటా దగ్గర నోటుబుక్కు తెరిచి కూర్చున్నాడు. పెంచలమ్మ పుట్టి ఒడ్డుకు చేరేసరికి నవ్వు మొహం పెట్టినాడు. అదే ఆమెకు మొదటి అనుమానం.

"పెంచలమ్మా, నీ పని అయ్యగారికి తెలిసింది. శానా సంతోషపన్నాడు. పెరట్లో ఆయన ఫోటో పెట్టి బ్యానరు కడతారంట. చేపలు ఆయనవే గదా."

"పారేసినప్పుడు ఎవరివి?"

"నువ్వు అడ్డం మాట్లాడొద్దు. ఇంకోటి. తినేటోళ్ల లిస్టు కావాల. పేరు, ఊరు. మనోళ్లకు చీటీలిస్తాం. అవతలోళ్ల ఆడోళ్లు ఎవరెవరు మన తిండి తింటాండారో అదీ తెలియాల."

"తెలిస్తే?"

రంగయ్య గొంతు తగ్గించినాడు. "మీటింగులో చదువుతారు. మీ ఆడోళ్లు మా చేపలు తిని బతుకుతాండారని. వాళ్ల మొగోళ్లు తల యాడ పెట్టుకుంటారు?"

ఆ లిస్టు మీటింగులో చదివిన రాత్రే ఆ ఆడవాళ్ల వీపులు చిట్లుతాయి. కొందరికి ప్రాణమే మిగలదు. ఇవ్వకపోతే పుట్టి పాస్ పోతుంది. ఆ పాస్ తప్ప ఆమెకు పొయ్యి వెలిగే దారి ఇంకోటి లేదు.

"నాకు ఊర్లు తెలీవు మామా. మేము అడగం."

"అడుగు. సోమవారానికి కావాల."

సోమవారం పొద్దున రంగయ్య పెన్ను తీసినాడు. పక్కన జీపు మనిషి ఒకడు కిరసనాయిలు డబ్బా పట్టుకుని నిలబడినాడు. మిగతా పుట్లవాళ్లంతా చూస్తా ఉన్నారు.

"లిస్టు?"

"రాసుకో," అని పెంచలమ్మ గంప ముందర చతికిలబడింది. ఒక్కో చేపను తోకతో ఎత్తి చూపించింది. "పేరు జెల్ల. ఊరు మైలవరం నీళ్లు. పార్టీ లేదు. ఇది జిలేబి. ఇదీ అదే ఊరు. దీనికి మీసాలు లేవు గాబట్టి మొగోడో ఆడదో నువ్వే కనుక్కో. ఇది పక్కె. దీనికి ఓటు లేదు..."

యల్లమ్మ అనే ఇంకో పుట్టి ఆమె కిసుక్కుమనింది. తర్వాత గట్టు గట్టంతా నవ్వింది. రంగయ్య మొహం ఎర్రబడింది. జీపు మనిషికి నవ్వు రాలేదు. డబ్బా మూత తీసి గంప మీద వంచినాడు. చేపల మీద కిరసనాయిలు నూనెలా మెరిసింది.

"ఇంక ఏ గంపకైనా ఇదే గతి. పాస్ ఈడ పెట్టు," అన్నాడు.

పెంచలమ్మ పాస్ తీసి కాటా మీద పెట్టింది. గంప మాత్రం వదల్లేదు. ఎత్తుకుని బస్సెక్కింది.

"అక్కా, ఈ పొద్దు వేరే కంపు కొడతాంది," అన్నాడు వలి బాషా. గంపలోకి వంగి చూసినాడు. ఆ రోజు టికెట్టు కొట్టడం మర్చిపోయినాడు, లేదా మర్చిపోయినట్టు చేసినాడు.

పెరట్లో పళ్లేలు పరిచి ఉన్నాయి. పెంచలమ్మ గంపను వాళ్ల మధ్యన దించింది. "ఈ పొద్దు పులుసు లేదు. మీ ఊర్లు అడగమన్నారు. నేను అడగలేదు. అందుకని ఇట్ల పోసినారు. నేను పోయినాక ఇంకెవరైనా గంప తెచ్చి ఊరు అడిగితే చెప్పొద్దండి." జరిగిందంతా చెప్పింది. మీటింగు సంగతి కూడా దాచలేదు.

ఎవరూ లేవలేదు. కంపుకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నా లేవలేదు. చిన్నసుబ్బమ్మ అనే ముసలామె నోరు తెరిచింది. ఆమె కొడుకు ఆ కాంట్రాక్టరు జీపు తోలుతూనే చచ్చినాడు.

"రాసుకోమనండి," అనింది. "చిన్నసుబ్బమ్మ. ఊరు తంగేడుకుంట. కొడుకు ఆయన జీపులో ఆయన బదులు నరికించుకున్నాడు. పదకొండు నెలలు చీటీ ఇచ్చినాడు. పన్నెండో నెల గేటు తియ్యలేదు. ఇది కూడా రాయండి. మీటింగులో అదీ చదవమనండి!"

ఎదురుగా కూర్చున్న శ్యామలమ్మ అవతలి పార్టీ. చిన్నసుబ్బమ్మ కొడుకును నరికిన కేసులోనే ఆమె మొగుడు జైల్లో ఉన్నాడు. ఆమె చిన్నసుబ్బమ్మ వైపు చూడలేదు. గంప వైపు చూస్తా చెప్పింది: "శ్యామలమ్మ. బొమ్మరాయిదిన్నె. మా నాయకుడు ఆరు నెలలే ఇచ్చినాడు. మీ ఆయప్పే నయం."

ఎవరో పకపకా నవ్వినారు. ఆ నవ్వుతో గట్టు తెగింది. ఒకరి మాట మీద ఒకరు. పేరు, ఊరు, ఎవరి కోసం ఎవడు పోయినాడు, చీటీ ఎప్పుడు ఆగింది. రెండేళ్లుగా దాచినవి గంటలో బయటపడినాయి. మాబున్ని పరిగెత్తి కోర్టు వసారాలో అర్జీలు రాసే అబ్దుల్ సలాంను లాక్కొచ్చింది. ఆయన సంగతి విని, "అమ్మా, ఇది రాస్తే నా చేతులుండవు," అన్నాడు.

"కిందపక్క నీ సంతకం పెట్టబల్లేదు. మా వేలిముద్రలు పెడతాం," అనింది చిన్నసుబ్బమ్మ.

కార్బన్లు పెట్టి నాలుగు కాపీలు రాసినాడు. ఆడవాళ్లు ఒకరి వెనుక ఒకరు వేళ్లు అద్దినారు. ఏ వేలు ఏ పార్టీదో ఆ సిరాలో తెలిసే వీలు లేదు. ఒక కాపీ ఒక హోటలు గోడకు, ఇంకోటి ఎదుటి హోటలు గోడకు, మూడోది కోర్టు నోటీసు బోర్డు పక్కన. నాలుగోది పెంచలమ్మ జాకెట్లో పెట్టుకుంది.

గురువారం పొద్దున ఆమె కాటా దగ్గరికి నడిచి పోయింది. పుట్టి లేదు, వల లేదు. ఖాళీ గంప నెత్తిన ఉంది.

"అడిగినావు గదా మామా. లిస్టు."

రంగయ్య చదివినాడు. మొదటి పేరు దగ్గరే ఆగినాడు. "దీన్ని అయ్యగారికి ఇస్తే నన్ను బతకనిస్తాడా?"

"నువ్వు ఇయ్యబల్లేదు. మూడు దినాలుగా ప్రొద్దుటూరంతా చదువుతాంది. మీటింగులో చదవమని చెప్పు, ఊర్ల పేర్లు యాడన్నా తప్పుంటే వాళ్లే లేచి సరిచేస్తారు."

మీటింగులో ఎవరూ ఏమీ చదవలేదు. అక్కడ చదవడానికి కాగితంలో మిగిలింది రెండు పార్టీల సిగ్గే. బ్యానరు రాలేదు. కిరసనాయిలు డబ్బా కూడా ఆ గురువారం గట్టు మీదికి రాలేదు. పాస్ మాత్రం తిరిగి ఇవ్వలేదు, ఆ ఏడాదంతా ఇవ్వలేదు. ఆమె ఎర్రగుంట్ల రోడ్డు పనుల్లో కంకర మోసి బతికింది. ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేదు.

కానీ ఆ గురువారం రంగయ్య గొంతు పెంచినాడు. "పాస్ లేనోళ్లు ఈడికి రాకూడదు. దిగు గట్టు!"

"పాస్ నీళ్లకు. ఈ గట్టు మా మామ గొర్రెలు మేపిన బీడు. నువ్వు పుట్టకముందు నుంచి మాది," అని పెంచలమ్మ గంపను కాటా పక్కనే దించి, దాని పక్కన కూర్చుంది.

యల్లమ్మ పుట్టి ఒడ్డుకు తగిలింది. పెద్ద చేపలు కాటాలో వేసింది. మిగిలిన జెల్లలనూ జిలేబీలనూ రెండు చేతులా ఎత్తి, రంగయ్య మొహం చూస్తానే, పెంచలమ్మ గంపలో వేసింది. వెనక పుట్టి కాంట్రాక్టరు పార్టీ ఊరివాడిది. వాడూ వేసినాడు. ఆ వెనకవాడు అవతలి పార్టీ. వాడూ వేసినాడు. రంగయ్య నోటుబుక్కు మూసి, గద్దల వైపు చూస్తా కూర్చున్నాడు. ఆ పొద్దు గద్దలకు ఏమీ మిగల్లేదు.

బస్సు దగ్గర వలి బాషా ముక్కు మూసుకున్నాడు. "లగేజీ కొట్టేదా అక్కా?"

"కొట్టు. ఎవరి బస్సూ ఊరికే ఎక్కను," అనింది పెంచలమ్మ, గంపను కాళ్ల మధ్య పెట్టుకుంటా.