ఫిట్ అని రాసింది నేనే

తొంభైల మొదట్లో, ఒక జూన్ నెలలో, నన్ను అస్కా నుంచి బరంపురంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. సర్కారు డాక్టరుకు అది మొదటి మెట్టు. ఆ నవంబరులో జిల్లా బాక్సింగ్ ఎంపిక పోటీలకు రింగు డాక్టరుగా కూడా నన్నే వేశారు. కొత్తగా వచ్చినవాడికి ఆదివారాలు అవసరమని ఎవరూ అనుకోరు.

రింగు డాక్టరు పని రెండు భాగాలు. పొద్దున్న బరువు తూచేటప్పుడు ప్రతి బాక్సర్‌నీ పరీక్షించి, అతని కార్డు మీద ఫిట్ అనో అన్‌ఫిట్ అనో రాసి సంతకం పెట్టాలి. ఆట జరిగేటప్పుడు రెఫరీ పిలిస్తే రింగెక్కి గాయం చూడాలి. నేను ఆపమంటే ఆపాల్సిందే. అంత అధికారం నాకు ఆసుపత్రిలో కూడా లేదు.

సింహాచలాన్ని అంతకుముందే ఎరుగుదును. పురుషోత్తంపూర్ దగ్గర రైతు కుటుంబం వాళ్ళది. వయసు ఇరవై మూడు. జులైలో కనుబొమ్మ చీలితే నా ఓపీకి వచ్చాడు. వెంట తీసుకొచ్చినవాడు గోపి, ఖల్లికోట వైపు జాలరి ఇంటివాడు. ఇద్దరూ ఒకే క్లబ్బు, ఒకే గది. నేను కుట్లు వేస్తుంటే సింహాచలం కదలకుండా కూర్చున్నాడు. గోపే మొహం తిప్పుకున్నాడు. అప్పుడు సింహాచలం అరవై మూడు కిలోల సన్నటి మనిషి. గోపి అతనికంటే పై బరువు తరగతిలో ఆడేవాడు. అందుకే వాళ్ళిద్దరికీ ఎప్పుడూ పోటీ పడలేదు.

నవంబరులో చొక్కా విప్పి నా ముందు నిలబడ్డ సింహాచలాన్ని వెంటనే పోల్చుకోలేకపోయాను. అరవై ఏడు కిలోలు. మెడ, భుజాలు పొంగి ఉన్నాయి. వీపంతా ఎర్రటి మొటిమలు. బీపీ చూస్తే నూట అరవై నాలుగు మీద నూట రెండు. ఆ వయసు ఆటగాడికి ఉండకూడని అంకె.

పక్కనే కోచ్ పాత్రో గారున్నారు. పెద్దాయన, ఒకప్పుడు పేరున్న బాక్సరు. కుర్రాడు కంగారు పడుతున్నాడని, కాసేపు పడుకోబెట్టి మళ్ళీ చూడమని అన్నారు. ఈ ఎంపిక నెగ్గితే పోలీసు శాఖలో క్రీడా కోటా ఉద్యోగం వస్తుందని కూడా అన్నారు. బీపీ రెండోసారి చూడటం తప్పు కాదు, అది పద్ధతే. ఇరవై నిమిషాల తరవాత నూట నలభై రెండు మీద తొంభై ఉంది. కార్డు మీద అది ఒక్కటే రాశాను. ఏవైనా ఇంజెక్షన్లు తీసుకుంటున్నావా అని అడగలేదు. అలాంటి వీపు కండ పెంచే సూదులకు గుర్తని తెలిసినవాణ్ణి, అడగాల్సింది. బయట ఇంకా నలభై మంది వరసలో ఉన్నారు. ఫిట్ అని రాసి సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం, కొత్త బరువు తరగతిలో, అతని ప్రత్యర్థి గోపి.

సింహాచలం పాత ఆట ఓపికైనది. ఎదుటివాడు తప్పు చేసేదాకా ఆగి కొట్టేవాడు. ఆ రోజు మొదటి గంట నుంచే మీద పడ్డాడు. దెబ్బలో బరువుంది, వెనకటి చురుకు లేదు. గోపి అతని చేతుల కింద నుంచి జారిపోతూ పాయింట్లు తీసుకున్నాడు. మూడో రౌండు ముగిసినట్టు గంట మోగింది. గోపి చేతులు దించాడు. సింహాచలం ఆగలేదు. కుడి చేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. రెఫరీ వెనక నుంచి నడుం పట్టుకుని లాగాల్సి వచ్చింది.

నేను రింగెక్కేసరికి గోపి ఎడమ కన్ను మూసుకుపోయింది. ఎక్స్‌రేలో కంటిగుంట కింది ఎముక విరిగినట్టు తేలింది.

సింహాచలం రోజూ వార్డు బయట బెంచీ మీద కూర్చునేవాడు. గోపి లోపలికి రానివ్వలేదు. మూడో రోజు సింహాచలం నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"బాబూ, మీకో మాట సెప్పాల. ఆగస్టు నుంచీ వారానికో సూది ఏయించుకుంతన్నాను. మాత్రలు కూడాను. బలానికని కోచ్ ఇచ్చినారు."

సీసా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. కండ పెంచే స్టెరాయిడ్. సూదితో ఏం తేడా కనిపించిందని అడిగాను. ఇదివరకు గట్టిగా ఆడితే రెండు రోజులు ఒళ్ళు లేచేది కాదనీ, ఇప్పుడు మర్నాడే బరువులెత్తగలుగుతున్నాననీ చెప్పాడు. ఆ మందు చేసేది అదే. తిండీ కసరత్తూ తోడైతే కండ పెంచుతుంది, అలసిన కండ తొందరగా తేరుకుంటుంది. కండతో సమంగా దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులూ కీళ్ళూ గట్టిపడవు. కాలి కదలికా, సమయం చూసి కొట్టే నేర్పూ సూదిలో రావు. రక్తపోటు మాత్రం పెరుగుతుంది, తలకు దెబ్బలు తినేవాడికి అది మరీ ప్రమాదం.

అతను వచ్చింది ఇవి వినడానికి కాదు.

"గంట ఇనబడింది బాబూ. ఆడు సేతులు దించీడం సూసినాను. అయినా కొట్టినాను. సిన్నప్పట్నించీ నాకు కోపమే నేదు. అది సూది కొట్టిందా, నాను కొట్టినానా? మీరు సదువుకున్నోరు, సెప్పండి."

పెద్ద మోతాదుల్లో కొందరికి చిరాకు, దూకుడు పెరుగుతాయి. అందరికీ కాదు. ఉద్యోగం కోసం తపిస్తున్నవాడు, ఓడిపోతున్నవాడు, ఎదురుగా స్నేహితుడు. వీటిలో ఏది ఎంతో విడదీసే పరీక్ష నా దగ్గర లేదు. తెలియదని చెప్పాను.

"అయితే రిపోర్టులో నానేనని రాసీయండి," అన్నాడు.

పాత్రో గారు కూడా వచ్చారు. ఆటలో దెబ్బలు మామూలేననీ, సూది మాట నివేదికలోకి తెస్తే కుర్రాడి జీవితం పోతుందనీ అన్నారు. ఆ రెండో మాట నిజం. నేను జిల్లా వైద్యాధికారికి రాసిన నివేదికలో సూది సంగతి రాశాను, కొట్టింది ఎవరన్నది తేల్చలేనని రాశాను, రాయకుండా వదిలేసిన మొదటి బీపీ కూడా రాశాను. సింహాచలం మీద నిషేధం పడింది. కోచ్‌ను తీసేశారు. నన్ను సంజాయిషీ అడిగి, రింగు విధుల నుంచి తప్పించారు.

సూదులు ఆగాక సింహాచలం కుప్పకూలాడు. బయటి నుంచి మందు వస్తుంటే శరీరం సొంతంగా తయారుచేసుకునే హార్మోను తగ్గిపోతుంది. సూది ఆపినా అది వెంటనే తిరిగి రాదు. కండ కరిగింది, నిద్ర కరువైంది, రోజుల తరబడి మంచం దిగలేదు. ఏడాది దాకా నా ఓపీకి వస్తూ తేరుకున్నాడు. తరవాత పొలం పనిలో పడ్డాడు.

గోపికి ఎముక అతికింది, కానీ పైకి చూస్తే ఒకటి రెండుగా కనిపించేది. బాక్సింగ్ అయిపోయింది. ఆఖరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు, సింహాచలంతో మాట్లాడావా అని అడిగాను.

"ఆడి మీద కోపం ఎప్పుడో పోయింది బాబూ. సూది సంగతి ఆడికి తెల్సు, కోచ్‌కి తెల్సు. మీకూ అనుమానం వొచ్చింది గదా? నాకొక్కడికే ఎవులూ సెప్పనేదు. సెప్పుంటే దిగీవోణ్ణి కాను."

చుక్కల మందు రాసిచ్చి పంపాను.

ఆ తరవాత చాలా ఏళ్ళు సర్వీసు చేశాను. డ్రైవర్లకూ, పోలీసులకూ, ఫ్యాక్టరీ కూలీలకూ ఎన్నో ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు రాశాను. ఆ కాగితం మీద ఒక్కరి పేరే ఉంటుంది. అది ఆ ఒక్కరి గురించే అనుకుని రాయడమే నా తప్పు. అతని ఎదురుగా నిలబడబోయే మనిషి కూడా ఆ సంతకాన్ని నమ్ముకునే దిగుతాడు.