మిల్లు కూసేదాకా

ఆదోనిలో చర్చి వెనక రేకుల షెడ్డులో సిస్టర్లు నడిపే మా హైస్కూలును ఊళ్లోవాళ్లు "తప్పిపోయిన గొర్రెల దొడ్డి" అనేవాళ్లు. అనరా మరి? పరీక్షలు తప్పినవాళ్లు, పోలియో కాలితో వేరే బడి మెట్లెక్కలేనివాడు, అత్తగారింటినుంచి తిరిగొచ్చేసిన పిల్ల, నాలాగా జిన్నింగు మిల్లులో పత్తి ఏరే ఆడపిల్లలు, అందరం అక్కడే చేరాం. పొద్దున చదువు, మధ్యాహ్నం పని. మాకు బడిగంట లేదు. మిల్లు మొదటి కూత కూస్తే బడి వదిలినట్టు. రెండో కూతకు మిల్లు గేటు మూసేస్తారు.

నాకు కుదురు లేదు. బెంచీ మీద కూర్చుంటే ఒంటిమీద చీమలు పాకినట్టుండేది. మిల్లులో కనీసం చేతులైనా ఆడేవి. చేరిన కొత్తలోనే గోడ దూకి పారిపోయాను. లెక్కలు చెప్పే మలయాళీ సిస్టరమ్మ నన్ను పట్టుకొచ్చింది కానీ తిట్టలేదు. తన పుస్తకాల తెలుగులో ఒప్పందం పెట్టింది.

"కూత వరకు కూర్చొనుము. కూసిన తరువాత ఒక్క మాట కొరకైనను నిన్ను ఆపను."

మాట తప్పలేదు మహాతల్లి. లెక్క సగంలో ఉండగా కూత వినబడినా సుద్దముక్క కింద పెట్టేసేది. అందరికంటే ముందు గుమ్మం దాటేది నేనే. మిగతా సగం ఏమైందో మర్నాటిదాకా నాకు పట్టేది కాదు.

పదో తరగతికొచ్చిన ఏడాది పరీక్షకు ప్రైవేటుగా కట్టాను. పాసైతే సిస్టర్ల ఆస్పత్రిలో నర్సు ట్రైనింగుకు చేర్చుకుంటామన్నారు. నాన్న దగ్గుతో మంచం పట్టాడు, ఇల్లు అమ్మ కూలీతో, నా కూలీతో నడిచేది. లెక్కల పరీక్ష రోజు పొద్దున మిల్లు మేస్త్రీ ముందే చెప్పాడు.

"రాస్కో పోమ్మే. రెండో కూతకు లోపలుండల్ల. లేకుంటే నీ జాగాలో ఇంకోతిని కూసోబెడ్తా."

గవర్నమెంటు హైస్కూల్లో పరీక్ష. ఆఖరి లెక్క సగంలో ఉండగా మొదటి కూత కూసింది. నా కాళ్లు నన్నడగలేదు. లేచి నిలబడ్డాను. వెనక బెంచీల్లో మా మిల్లు పిల్లలూ లేచారు. కాపలా ఉన్న అయ్యవారు విసుక్కున్నాడు.

"ఏం మే, అయిపోయిందా? అయితే పేపరిచ్చి పోండి."

తలుపు బార్లా తెరిచి ఉంది. అవతల రోడ్డు. ఇప్పుడు బయల్దేరితే మిల్లు అందుతుంది. చేతిలో పేపరు, దానిమీద సగం లెక్క. మొదటిసారి మిగతా సగం ఏమిటో తెలుసుకోకుండా పోలేననిపించింది. వాళ్లు ఇచ్చి వెళ్లిపోయారు. నేను కూర్చున్నాను.

రాస్తుండగానే రెండో కూత కూడా కూసింది. ఏడుపొచ్చింది. నామీద నాకే కోపమొచ్చింది. అమ్మకు ఏం చెప్పాలో తెలియలేదు. కన్నీళ్లు పేపరు మీద పడకుండా ఓణీతో తుడుచుకుంటూ రాశాను.

మర్నాడు మిల్లులో నా జాగాలో వేరే పిల్ల కూర్చుని పత్తి ఏరుతోంది. ఫలితాలొచ్చేదాకా అమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు. లెక్కల్లో బొటాబొటిగా గట్టెక్కాను.

నన్ను ట్రైనింగులో చేర్చడానికి ఆస్పత్రికి తీసుకుపోతూ దారిలో సిస్టరమ్మ అడిగింది.

"ఆ దినమున కూత వినబడలేదా?"

"ఇనపడింది సిస్టరమ్మా. లెక్క కాలేదు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆస్పత్రి గేటుదాకా వదల్లేదు, నేనూ లాక్కోలేదు.