ఇక్కడ తెల్లగా చేయబడదు

మా ఇంటి ముందు రెండు షట్టర్లు వేయించినప్పుడు నేను ఒక ఒట్టు పెట్టుకున్నాను. కిరాయికి వచ్చినవాళ్లను మీరెవరని అడగకూడదని. పసుపు యార్డులో ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన మనిషిని. ఆ రోజుల్లో ఆర్మూర్‌లో ఒక అర్ర కిరాయికి దొరకాలంటే ముందుగా వినబడే మాట "ఎవలోళ్లు మీరు?" అని. మాదిగోళ్లమని చెప్తే, నిన్ననే ఇంకెవరికో ఇచ్చేశామనేవాళ్లు. చెప్పకపోతే పది రోజుల్లో వాళ్లకే తెలిసిపోయి మా సామాను వాకిట్లో ఉండేది. ఒక ఇంటామె మేము ఖాళీ చేసిన అర్రలో రెండు బిందెల పసుపునీళ్లు చల్లించింది. ఆ పసుపు నేను మోసిందే. నలభై ఏళ్లు దాటింది గానీ, ఆమె గోడకున్న సున్నం రంగు కూడా నాకు గుర్తుంది.

నేను బడికి పోలేదు. బస్తాల మీద రంగుతో వేసే అక్షరాలను కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ కాగితం దొరికినా వదలలేదు. బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కను నూనె తుడిచి చదివేవాణ్ని. అట్లాంటి ఒక ముక్కలోనే అమెరికా నల్లవాళ్ల సంగతి ఉంది. తమవాళ్ల దుకాణాలేవో పట్టీ రాసుకుని, నాలుగు వీధులు ఎక్కువ నడవాల్సి వచ్చినా అక్కడికే పోయి కొంటారట. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం. మా సంఘం మీటింగు ఎప్పుడు జరిగినా లేచి అదే చెప్పేవాణ్ని.

"గాళ్లు కొంటున్నరు, మనకేమైంది? మనోని కిరాణంల చక్కెర తియ్యగుండదా?"

చప్పట్లు గట్టిగా కొట్టేవాళ్లు. కొట్టి, అటునుంచి అటే సేటు దుకాణానికి పోయేవాళ్లు. మనవాడు తూకంలో మోసం చేస్తాడని వాళ్ల అనుమానం. సేటు చేయడా అంటే, చేస్తాడు, అయినా అది వేరు అనేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

రెండేళ్ల కిందట అట్లాంటి నల్లమనిషి ఒకామె వచ్చి నా షట్టర్ అడిగింది.

ముప్పై ఏళ్లుంటాయి. బుర్ఖా వేసుకుంది, ముఖం మీద తెర లేదు. మా వాడలో నల్లగా ఉన్నవాళ్లకేం తక్కువ లేదు గానీ, ఈమె నలుపు వేరు, జుట్టు వేరు, ఎత్తు వేరు. నోరు తెరిస్తే మాత్రం మన తెలుగే.

"ఏ దేశం బిడ్డా మీది?" అన్నాను.

"గిదే దేశం చాచా. హైదరాబాద్."

"గట్ల కాదు. అసలు?"

"అసలు గూడ హైదరాబాదే. మా తాతల తాత నిజాం ఫౌజుల గుర్రమెక్కిండు. మమ్ముల సిద్దీలంటరు. గంతకు ముందట ఆఫ్రికా అని చెప్తరు. నేనైతె గా దేశం జిరాఫీని జూపార్కుల తప్ప యాడ చూడలే."

ఇంట్లోంచి మా ముసలామె పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. ఎవరని అడగనన్న ఒట్టు అప్పటికే రెండుసార్లు తప్పాను. ఆ క్షణంలో అది నాకు ప్రశ్నలాగా తోచలేదు, పలకరింపులాగా తోచింది. నన్ను అడిగినవాళ్లకూ అట్లాగే తోచి ఉంటుంది.

ఆమె భర్తది ఇక్కడి పెర్కిట్. దుబాయిలో బండి నడుపుతాడు. అత్తగారింట్లో ఊరికే కూర్చోలేక బ్యూటీ పార్లర్ పెడతానంది. హైదరాబాద్‌లో పని నేర్చుకుందట. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను, మా ముసలామె తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. రెండో చెవి నా దగ్గర ఉండిపోయింది.

నాలుగో రోజు పెయింటర్ వచ్చి షట్టర్ పైన బోర్డు రాశాడు. లేడీస్ బ్యూటీ పార్లర్ అని. దాని కింద ఎర్ర రంగుతో ఇంకో వరస ఉంది: ఇక్కడ తెల్లగా చేయబడదు.

పక్క షట్టర్‌లో సెల్‌ఫోన్లు రిపేరు చేసే పోరగాడు ఉన్నాడు. పెళ్లై ఇద్దరు పిల్లలున్నా నాకు వాడు పోరగాడే. బయటికి వచ్చి ఆ బోర్డు రెండుసార్లు చదివాడు.

"తాతా, గిదేం కథ? హోటల్ ముందట 'ఇక్కడ అన్నం దొరకదు' అని ఎవలన్న రాసుకుంటరా?"

నాకూ అదే అనిపించి ఆమెను అడిగాను. దూదితో అద్దం తుడుస్తూ చెప్పింది.

"వచ్చినోళ్లందరు గదే అడుగుతరు చాచా. అడిగి, నన్ను కిందికెల్లి మీదికి చూసి, నువ్వే తెల్లగ కాలె, మమ్ములనేం జేస్తవ్ అని నవ్వుతరు. ముందుగాలనే రాసిపెడితె నాకు జవాబు చెప్పే పని తప్పుతది."

"గిట్లయితె గిరాకి రాదు బిడ్డా."

"రాకుంటె రాకపాయె. తోలు కాలబెట్టే మందులు నేను రాయ."

గిరాకీ నిజంగానే రాలేదు. రెండు నెలలు మా గల్లీ ఆడవాళ్లు ఆ బోర్డు చదివి, మూతులు తిప్పి, నాలుగు వీధులు ఎక్కువ నడిచి బస్టాండు దగ్గరి పార్లర్‌కు పోయారు. కానీ కిరాయి మాత్రం ఒకటో తారీఖున వచ్చేది. నాకు మొదటి ముల్లు గుచ్చుకున్నది అక్కడే. గిరాకీ లేని దుకాణం నడుస్తున్నదంటే లోపల ఇంకేదో నడుస్తున్నదని అర్థం. భర్త దుబాయిలో ఉన్నాడు, పంపిస్తాడు అన్న మాట నాకు తట్టలేదు. తట్టకపోవడం కాదు, తట్టినా పక్కకు నెట్టాను.

రెండో ముల్లు ఫోన్ల పోరగాడు గుచ్చాడు. వాట్సాప్‌లో ఒక వీడియో చూపించాడు. ఏదో పట్నంలో పోలీసులు ఒక నల్లవాణ్ని కింద కూర్చోబెట్టారు. ముందర తెల్లపొడి పాకెట్లు.

"గీమె దగ్గర సుత తెల్లపొడి డబ్బాలు మస్తున్నయి తాతా. నేను కళ్లార చూసిన."

"నోర్ముయ్" అన్నాను. వాడు మూసుకున్నాడు. ఆ మాట మాత్రం నా లోపల కూర్చుంది.

ఆ రోజునుంచి షట్టర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. కొరియర్ అట్టపెట్టె ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు. ఇద్దరు బుర్ఖా ఆడవాళ్లు సంచితో వచ్చి, షట్టర్ సగం దించి, రెండు గంటలు లోపల ఏం చేశారు. పోయేటప్పుడు సంచి బరువు తగ్గిందా. ఇవన్నీ క్యాలెండరు వెనక రాసుకునేవాణ్ని. మా ముసలామె అది చూసింది.

"సీఐడీ కొలువిచ్చిన్రా ఏందయ్యా నీకు? గా పిల్ల మొన్న నా మోకాళ్లకు నూనె రాసింది. గది సుత రాసుకో."

ఒక శుక్రవారం ఆమె చుట్టాల పెళ్లికని హైదరాబాద్ పోయింది. మధ్యాహ్నం మా ముసలామె రేషన్ బియ్యానికి పోయింది. ఫోన్ల పోరగాడు అన్నానికి ఇంటికి పోయాడు. నేను రెండో చెవి తీసి ఆమె షట్టర్ తెరిచాను. నా షట్టరే కదా అనుకున్నాను.

లోపల శుభ్రంగా ఉంది. అద్దం, తిరిగే కుర్చీ, అల్మారా. డబ్బాలన్నీ వరసగా ఉన్నాయి. మూతలు తీసి ఒక్కొక్కటే వాసన చూశాను. మైదాకు పొడి, గోరింటాకుదే. ముల్తానీ మట్టి. మంచిగంధం. తెల్లపొడి మూడు డబ్బాల్లో ఉంది. వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. బియ్యప్పిండి.

అప్పుడు యార్డు గేటు గుర్తొచ్చింది. సాయంత్రం పని అయిపోయాక హమాలీలను వరసలో నిలబెట్టేవాళ్లు. తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి దులపాలి. రొండిన దోపుకున్నది తీసి చూపించాలి. ఒక జవాను ఉండేవాడు, నోరు కూడా తెరవమనేవాడు, బుగ్గన పసుపుకొమ్ము దాచుకున్నామేమోనని. గుమాస్తాలు మాత్రం సైకిలు బెల్లు కొట్టుకుంటూ పక్కనుంచి పోయేవాళ్లు. ముప్పై ఏళ్లలో నా దగ్గర ఒక్క కొమ్ము దొరకలేదు. దొరకలేదని ఒక్కనాడు కూడా వెతకడం మానలేదు.

అది గుర్తొచ్చి చేయి ఆగిందని రాస్తే బాగుండును. ఆగలేదు. అల్మారాలో కింది అర ఇంకా మిగిలి ఉంది, అదీ తెరిచాను.

పాత పేపరులో చుట్టి, గోడవైపు తిప్పి పెట్టిన ఫోటో ఒకటి దొరికింది. ఆమె పెళ్లి ఫోటో. ముఖానికి ఏదో మందంగా పూశారు. తెల్లగా కాలేదు, పొయ్యిలో బూడిద రంగుకు వచ్చింది. మెడా చేతులూ మాత్రం ఆమె రంగులోనే ఉన్నాయి. ఇంకెవరి తలనో తెచ్చి ఆమె మెడ మీద పెట్టినట్టుంది. పెళ్లికూతురు నవ్వుతున్నట్టే ఉంది గానీ, కళ్లు మాత్రం ఎవరన్నా వచ్చి కడిగితే బాగుండునన్నట్టు చూస్తున్నాయి. పేపరు మళ్లీ ఉన్నట్టే చుట్టి, గోడవైపే తిప్పి పెట్టి, తాళం వేసి వచ్చాను. మా ముసలామె వచ్చేసరికి కుర్చీలో ఉన్నాను.

మరుసటి మంగళవారం పొద్దున ఫోన్ల పోరగాడు, గల్లీలోని మరో నలుగురు మగవాళ్లు షట్టర్ ముందుకు వచ్చారు. వీడియో అందరి ఫోన్లలోకి పోయిందట.

"తాతా, నీ షట్టర్. డబ్బాలన్ని బయట పెట్టమను. లేకుంటె ఖాళీ చెయ్యమను. పిల్లలున్న గల్లీ ఇది" అన్నాడొకడు.

ఆమె గుమ్మంలోకి వచ్చింది. చేతులకు ప్లాస్టిక్ తొడుగులు, వాటి నిండా మైదాకు. "ఏం లేవు భయ్యా. పార్లర్ సామాన్లు" అంది. వాళ్లు ఆమెవైపు చూడనైనా చూడలేదు, నావైపే చూస్తున్నారు. మళ్లీ అంది. మళ్లీ అంది. ఈలోగా లోపలినుంచి మా ముసలామె వచ్చింది. తలంతా మైదాకు ముద్ద, దాని మీద క్యారీబ్యాగు కట్టుకుని ఉంది.

"ఏందిరా? ఏం దేవులాడుతరు? నా నెత్తి దేవులాడుండ్రి, ఇండ్ల సుత పొడే ఉన్నది!"

ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్లు మెట్టెక్కారు. ఆమె అడ్డంగా చేయి పెట్టింది. వాళ్లు ఒకసారి లోపలికి పోయి ఆ డబ్బాలు రోడ్డు మీద పెట్టారంటే, అందులో ఏమున్నా లేకున్నా, ఆ దుకాణం ఆ రోజుతో అయిపోయినట్టే. అది నాకు తెలుసు.

"ఆగుండ్రి" అన్నాను. "చూసే పని లేదు. నేను చూసిన."

"ఎప్పుడు చూసినవ్?"

"పోయిన శుక్రవారం. ఆమె లేనప్పుడు. ఇంకో చెవి నా దగ్గర ఉన్నది. ప్రతి డబ్బా తెరిచిన. నాలిక మీదేసుకొని చూసిన. బియ్యప్పిండి, మట్టి, మైదాకు. గంతే."

ఫోన్ల పోరగాడే ముందుగా దిగాడు.

"తాత చూసిండంటె ఇంక మనం చూసుడేముంటది? గీయన పాలల్ల నీళ్లెన్ని చుక్కలో చెప్తడు. గీయనకే దొరకలేదంటె ఎవలికీ దొరకది."

నవ్వుకుంటూ పోయారు. ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. దొంగచాటుగా దూరినవాడు ఒక్కసారి చెప్తే సరిపోయింది.

ఆమె నావైపు తిరిగింది.

"అన్ని చూసిన్రా చాచా?"

"అన్ని చూసిన."

"కింది అర?"

తల ఊపాను. ఆమె లోపలికి పోయింది. నీళ్ల చప్పుడు, "తల జర వంచుండ్రి చాచీ" అన్న గొంతు వినపడ్డాయి. మా ముసలామె నలభై ఐదేళ్ల కాపురంలో మొదటిసారి నన్ను ఏమీ అనలేదు. రెండు రోజులు అనలేదు.

నెలాఖరుకు ఖాళీ చేస్తానని ఆమె మర్నాడు చెప్పింది. వారం పాటు ఊరంతా తిరిగింది. ఎండలో పోయి, ఎండలో వచ్చేది. ఎనిమిదో రోజు వచ్చి నా కుర్చీ ముందు నిలబడింది.

"నేను పోతలేను చాచా. మీరు మంచోళ్లని కాదు. నాలుగు షట్టర్లు చూసిన. ఇద్దరు ఏ దేశమన్నరు. ఒకాయన నిన్ననే ఇచ్చిన అన్నడు, కిరాయికని రాసిన బోర్డు ఇంక వేలాడుతనే ఉన్నది. ఇంకొకాయన నా బోర్డు మీద ఎర్ర వరస తీసెయ్యమన్నడు. మీరు చెయ్యరాని పని చేసిన్రు, కని అందరి ముందట చేసిన అని చెప్పిన్రు. గాళ్లు గది సుత చెప్పరు."

రెండో చెవి తీసి ఇవ్వబోయాను. తీసుకోలేదు. అప్పటికే కొత్త తాళం తెచ్చుకుంది. దాని రెండు చెవుల్లో ఒకటి తన దగ్గర పెట్టుకుంది, ఒకటి మా ముసలామెకు ఇచ్చింది. మా ముసలామె దాన్ని కొంగుకు ముడేసుకుని, "నన్నడగకు" అంది నాతో. నేనడగలేదు.

ఇప్పుడు గిరాకీ కొంచెం వస్తోంది. మాక్లూర్ నుంచి, మెండోర నుంచి కూడా పెళ్లికూతుళ్లు వస్తున్నారు, నాలాగా మా ముసలామెలాగా నల్లగా ఉండే పిల్లలు. బయటికి వచ్చేటప్పుడు తమ రంగులోనే ఉంటారు, ముఖం మాత్రం వెలుగుతుంటుంది.

ఆమె మాత్రం రోజూ పొద్దున షట్టర్ తెరవగానే పనిలోకి దిగదు. ముందు అల్మారా తెరుస్తుంది. డబ్బాల మూతలు ఒకటొకటే ముట్టి చూస్తుంది. కిందికి వంగి చివరి అర చూస్తుంది. నేను కుర్చీలో ఉంటాను. లేచి లోపలికి పోతే తప్పించుకుంటున్నానని అనుకుంటుంది, కూర్చుంటే కాపలా కాస్తున్నానని అనుకుంటుంది. అందుకని కూర్చునే ఉంటాను.

మొన్న మా ముసలామె చాయ్ పట్టుకుపోయి, "ఏమన్న పోయినయా బిడ్డా?" అని అడిగింది.

"ఏం పోలే చాచీ. ఉత్తగ చూస్తున్న" అంది ఆమె, నాకు వినపడేటంత గట్టిగా.