పలక మీద నర్సు

బందరు రోడ్డు మీద నుంచి మా కాలనీలోకి తిరిగితే ఒకప్పుడు గేటు గేటుకీ పాలరాతి పలక కనిపించేది. డాక్టర్లు, ప్లీడర్లు, ఇంజనీర్లు; పేరు పక్కన చదివిన చదువులన్నీ. మనిషి పోయినా పలక తీయకపోవడం ఇక్కడి పద్ధతి. బంగళాలు అపార్టుమెంట్లయ్యాక ఆ పలకలు సెల్లార్లలో, కార్ల వెనక చేరాయి.

వాటిలో ఒక్కదాని మీద మాత్రం డిగ్రీ లేదు. ‘పి. సంపూర్ణమ్మ, నర్సు’. అంతే.

ఆవిడ దివిసీమ కూలీల ఇంటి పిల్ల. డాక్టర్ వెంకటప్పయ్య గారి నర్సింగ్ హోములో ఏళ్లకేళ్లు పనిచేసి, పార్కు గేటుకు ఎదురుగా చిన్న స్థలం కొన్నారు. నర్సు వచ్చి మన మధ్య ఇల్లు కట్టడమేమిటని పెద్దమనుషులు గొణిగారట. ఆవిడ పునాదైనా తీయకముందే రెండు స్తంభాలు లేపి, గేటు పెట్టించి, పలక బిగించారు. లోపల ఖాళీ నేల, బయట పేరు. నవ్వేవాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఆ సంగతి ఎప్పుడు తలుచుకున్నా ఒంట్లో బలమొస్తుంది.

మొన్న డ్రైనేజీ పనుల్లో ఆ స్తంభాలూ ప్రహరీ కూలిపోయాయి. సరిగ్గా అప్పుడే మా అసోసియేషన్‌కు పాత పలకల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అన్నిటినీ పార్కు గోడకు బిగించి, పైన ‘మన కాలనీ ప్రముఖులు’ అని రాయిస్తారట. వెంకటప్పయ్య గారి పలకకు మొదటి చోటు. సంపూర్ణమ్మ గారు కూడా తన పలకను కడిగి, తుడిచి పంపారు. సాయంత్రానికల్లా అది తిరిగొచ్చింది.

ఎనభై దాటిన మనిషి, కర్ర పట్టుకుని కార్యదర్శి అచ్యుతరామారావు గారింటికి బయల్దేరారు. నేనూ వెంట వెళ్లాను. ఇలాంటివి చూసి ఊరుకుంటే నాకు అన్నం సహించదు. ఆయన కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, ఆ గోడ పోయినవాళ్లకు మాత్రమేనని నచ్చజెప్పారు.

“అయితే నేను పోయాక పెడతారాండీ?”

ఆయన తన కాఫీలో చక్కెర కలుపుకుంటూ కూర్చున్నారు. “అప్పుడు కమిటీ చూస్తుంది లెండి, సిస్టర్.”

“నేను పోయాక మీ కమిటీ ఏం చూసిందో నాకెవరు చెబుతారండీ?” అని ఆవిడ లేచారు. కాఫీ ముట్టలేదు.

ఆ మర్యాద చూసి నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని.

మర్నాడే మేస్త్రీ ఏసుపాదం వచ్చాడు. ప్రహరీ సంగతి తర్వాత, ముందు స్తంభం లేపమన్నారు సంపూర్ణమ్మ గారు. పలక మీద ఇంకో ముక్క చెక్కించారు.

ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించి, గోడ ముందు ఫొటోలు దిగి, అందరూ ఇళ్లకు వెళ్లడానికి పార్కు గేటు దాటారు. ఎదురుగా ప్రహరీ లేని ఇల్లు, ఒంటి స్తంభం, దాని పక్కన కుర్చీ వేసుకుని ఇస్త్రీ చీరలో సంపూర్ణమ్మ గారు. అచ్యుతరామారావు గారు కళ్లజోడు సర్దుకుని మరీ చదివారు.

‘పి. సంపూర్ణమ్మ, నర్సు. బతికే ఉంది.’